కమిలిన ముంజేయి పతకం కాదు

"నొప్పి లేనిదే బలం రాదు" అనే మాట ఈ మధ్య మన బడి పిల్లల నోళ్లలో తెగ నానుతోంది. మైదానంలో అదే మాట, వీధి చివర వ్యాయామశాలలో అదే మాట, ఫోన్‌లో చూసే వీడియోల్లోనూ అదే మాట. వినడానికి బాగానే ఉంటుంది. గోడ మీద రాస్తే ఇంకా బాగుంటుంది. కానీ ఆ మాటను నమ్మి ముంజేతుల మీద నల్లటి మచ్చలు వేసుకుని తిరుగుతున్న వాళ్లను చూస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది. కెటిల్‌బెల్ ఎత్తితే ముంజేయి కమలాల్సిందే అనేది అబద్ధం. అది బలానికి గుర్తు కాదు, పాఠం సరిగ్గా చెప్పలేదనడానికి గుర్తు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. కోపంగా చెబుతున్నానని ఎవరికైనా అనిపిస్తే అనిపించనివ్వండి. కారణాలు మాత్రం వరసగా చెబుతాను, విని తీర్పు చెప్పండి.

ముందు తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. కెటిల్‌బెల్ అంటే పైన పిడి ఉన్న ఇనప గుండు. మా పేటలో అందరూ "గుండు" అనే అంటారు, నేనూ అలాగే అంటాను. ఇది రష్యా దేశం నుంచి వచ్చింది. అక్కడ దీన్ని గిర్య అంటారు. సంతలో ధాన్యం తూచడానికి వాడే తూకపు గుండు ఇది. వాళ్ల పాత తూకం పేరు పూద్. ఒక పూద్ అంటే సుమారు 16 కిలోల 380 గ్రాములు. అందుకే ఈనాటికీ పెద్దవాళ్లు వాడే గుళ్లు 16, 24, 32 కిలోలు ఉంటాయి, అంటే ఒక పూద్, ఒకటిన్నర, రెండు. సంతలో పనివాళ్లు సరదాకి ఎత్తిన తూకపు రాయే తరవాత ఆట అయ్యింది. మన శ్రీకాకుళం వైపు పండగలప్పుడు సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు పెడతారే, దాదాపు అదే సరదా. 1985లో సోవియట్ యూనియన్ మొత్తానికీ కలిపి దీని పోటీలు జరిగాయి. ఈ ఆటలో గుండును కింద పెట్టకుండా 10 నిమిషాల పాటు ఎత్తుతూనే ఉండాలి. 10 నిమిషాలు! ప్రతిసారీ ముంజేతికి దెబ్బ తగిలేటట్టయితే ఆ ఆట ఆడేవాళ్లకి చెయ్యి మిగులుతుందా? ఈ ఒక్క ప్రశ్న చాలు, "కమలాల్సిందే" అనే వాళ్ల నోరు మూయించడానికి.

అసలు తికమక ఎక్కడుందంటే, రెండు వేరు వేరు నొప్పుల్ని మనవాళ్లు ఒకే సంచిలో పడేస్తున్నారు.

మొదటిది అలసట. గుండు పట్టుకుని ఊపుతుంటే కాసేపటికి ముంజేయి బిగుసుకుపోతుంది, లోపల మంట పుడుతుంది, పిడి జారిపోతుందేమో అనిపిస్తుంది. మన వేళ్లను గట్టిగా ముడిచే పెద్ద కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. సన్నని తాళ్లలాంటి స్నాయుబంధనాలు అక్కడి నుంచి మణికట్టు దాటి వేళ్ల దాకా వెళ్తాయి. నమ్మకపోతే ఎడమ చేత్తో కుడి ముంజేతిని పట్టుకుని, కుడిచేతి వేళ్లు ఆడించి చూడండి. కండ కదలడం తెలుస్తుంది. అందుకే పట్టు బిగిస్తే నొప్పి ముంజేతిలో వస్తుంది. కండరం అదే పనిగా బిగిసి ఉంటే లోపలి రక్తనాళాలు నొక్కుకుపోయి రక్తం సరిగ్గా ఆడదు. కాసేపు వదిలేస్తే తగ్గిపోతుంది. ఇది పని చేసిన నొప్పి. దీని మీద నాకు ఫిర్యాదు లేదు.

రెండోది దెబ్బ. గుండును కింది నుంచి ఛాతీ దగ్గరికి తెచ్చేటప్పుడు, దీన్ని క్లీన్ అంటారు, లేదా ఒక్క ఊపులో తల మీదికి లేపేటప్పుడు, దీన్ని స్నాచ్ అంటారు, గుండు పిడి చుట్టూ తిరిగి చేతి వెనక భాగం మీదికి వస్తుంది. నెమ్మదిగా వచ్చి ఆనుకోవాల్సింది ధడేల్‌మని వచ్చి కొడుతుంది. ముంజేతిలో రత్ని, అరత్ని అని రెండు ఎముకలున్నాయని మనం చదువుకున్నాం. మణికట్టుకు దగ్గరగా, చేతి వెనక వైపున, వాటి మీద కండ చాలా తక్కువ. చర్మం కింద వెంటనే ఎముకే. అక్కడ ఇనుము పడితే చిన్న రక్తనాళాలు చిట్లి చర్మం కింద రక్తం చేరుతుంది. మొదట ఎర్రగా, తరవాత నల్లగా, ఆ పైన ఆకుపచ్చగా, చివరికి పసుపుగా మారేది ఆ రక్తమే. ఇది పని చేసిన నొప్పి కాదు, గాయం. గాయం వల్ల కండ పెరగదు. సైకిల్ మీంచి పడి మోకాలు చెక్కుకుపోతే కాలికి బలం వచ్చిందని ఎవరైనా సంబరపడతారా?

ఈ దెబ్బ ఎందుకు తగులుతుందో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, మన భౌతికశాస్త్రం పుస్తకం చాలు. 8 కిలోల గుండు పిడి మీంచి తిరిగి 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చేతి మీద పడిందనుకోండి. 8ని 9.8తో, దాన్ని 0.15తో గుణిస్తే దాదాపు 12 జౌళ్ల శక్తి. ఆ శక్తి అంతా ముంజేతి మీది చర్మం, కండ కలిపి ఒక సెంటీమీటరు నొక్కుకునే లోపల ఆగిపోవాలి. పని అంటే బలం, స్థానభ్రంశాల లబ్ధం కదా. 12ని 0.01తో భాగిస్తే 1200 న్యూటన్లు. అంటే ఆ ఒక్క క్షణం చేతి మీద 120 కిలోల బరువు పెట్టినంత! ఇప్పుడు చేతినే గుండు చుట్టూ తిప్పి, దానికి ఎదురెళ్లి, పడే దూరాన్ని 2 సెంటీమీటర్లకు తగ్గించారనుకోండి. అదే లెక్క చేస్తే 160 న్యూటన్ల లోపు, అంటే 16 కిలోల పాటి. గుండు అదే, చెయ్యి అదే, మనిషీ అదే. దెబ్బ మాత్రం ఏడు రెట్లకు పైగా తగ్గింది. ఇది ఉజ్జాయింపు లెక్కే, కొంత భారం పిడి దగ్గర అరచెయ్యి కూడా మోస్తుంది. కానీ దారి ఎటో లెక్క చూపిస్తోంది. తగ్గాల్సింది నొప్పి మీద మన భయం కాదు, గుండు పడే దూరం.

మరి ఆ దూరం ఎలా తగ్గుతుంది? మా వీధిలో ఉండే ఒక అక్క నాకు నేర్పిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ కాలేజీ రోజుల్లో బరువులెత్తే పోటీలకు వెళ్లిన మనిషి.

ఒకటి, గుండును ఒంటికి దగ్గరగా పైకి తేవాలి. చొక్కాకి జిప్ పైకి లాగినట్టు నిట్టనిలువుగా రావాలి. చెయ్యి చాచి దూరంగా ఊపితే గుండు పెద్ద వంపు తిరిగి, ఆ వేగం మొత్తం మోసుకొచ్చి ముంజేతి మీద దిగుతుంది.

రెండు, ఊపు తుంటి నుంచి రావాలి, చేతి నుంచి కాదు. తుంటి వెనక్కి వెళ్లి ముందుకు రాగానే గుండు దానంతటదే తేలికై లేస్తుంది. ఆ తేలికైన క్షణంలోనే చెయ్యి తన పని చెయ్యాలి. ఆలస్యమైతే గుండు మళ్లీ బరువెక్కుతుంది.

మూడు, పట్టు వదులు చెయ్యాలి. అందరూ తప్పేది ఇక్కడే. పిడిని పిడికిలితో బిగించి పట్టుకుంటే పిడి అరచేతిలో తిరగదు. పిడి తిరగకపోతే గుండు దాని మీంచి దొర్లి దభేల్‌మని పడుతుంది. గుండు తేలిన క్షణంలో వేళ్లు కొంచెం సడలించి, గాజుల్లోకి చెయ్యి దూర్చినట్టు పిడి లోపలికి చెయ్యి దూర్చాలి. అప్పుడు గుండు చేతి మీదికి రాదు, చెయ్యే గుండు పక్కకి వెళ్తుంది.

నాలుగు, పిడి అరచేతిలో అడ్డంగా కాదు, ఏటవాలుగా ఉండాలి. బొటనవేలి మొదలు దగ్గర మొదలై, చిటికెనవేలి వైపు అరచేతి మడమ దగ్గర ముగియాలి. మణికట్టు నిటారుగా ఉండాలి. మణికట్టు వెనక్కి వాలితే గుండు అంచు మణికట్టు ఎముక మీదే కూర్చుంటుంది.

ఐదు, ఛాతీ దగ్గర ఆగినప్పుడు మోచెయ్యి పక్కటెముకలకు ఆనాలి, గుండు ముంజేతికీ దండచేతికీ మధ్య ఉండే మూలలో సర్దుకోవాలి. అక్కడ అది పసిపిల్లని ఎత్తుకున్నట్టు కుదురుగా ఉంటుంది. ఏదో ఒక్క చోట గుచ్చుకుంటోందంటే అది సరైన చోటు కాదు.

ఆ అక్క నాకు ఇవన్నీ 6 కిలోల గుండుతో, పైనుంచి కిందికి నేర్పింది. అంటే ముందు రెండు చేతులతో గుండును ఛాతీ దగ్గర సరైన చోట పెట్టి, అక్కడి నుంచి నెమ్మదిగా కిందికి దించడం. దిగే దారి చేతికి తెలిస్తే ఎక్కే దారి అదే తెలుస్తుంది. ఎంత చక్కటి పద్ధతి! ఇందులో ఏడుపు లేదు, మచ్చ లేదు.

ఇంకో సంగతి. మా అక్క ఈ పద్ధతి చెబుతుంటే పక్కన కూర్చున్న మా మామ్మ నవ్వింది. "ఇదేటే గుంటా, రోకటి పోటే కదా! రోకలిని పీక నొక్కినట్టు పట్టుకుంటే పొద్దెక్కకముందే సేతులు పోతాయి. పైకెగిరినప్పుడు వదులియ్యాల, దిగినప్పుడు దారి సూపాల" అంది. మా మామ్మకి కెటిల్‌బెల్ అంటే ఏమిటో తెలీదు. కానీ పూటకి కుంచాల కొద్దీ వడ్లు దంచిన చెయ్యి అది. పట్టు ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు సడలించాలో ఆ తరం ఆడవాళ్లకి తెలుసు. వాళ్లకి ఎవరూ "కమిలితేనే కండ" అని చెప్పలేదు. చెబితే రోకలి వాళ్ల నెత్తినే పెట్టి ఉండేవాళ్లు.

ఇక నేను ఎవరి మీద కలం పట్టానో వాళ్ల దగ్గరికి వస్తాను. మా పేటకు దగ్గర్లో ఒక వ్యాయామశాల ఉంది. పేరు రాయను, ఎందుకంటే ఈ జబ్బు ఒక్క చోటిది కాదు. అక్కడ ఆడపిల్లలకు సాయంత్రం ఒక గంట కేటాయిస్తే నేనూ, మా వీధి పిల్లలూ చేరాం. మొదటి రోజే 12 కిలోల గుండు చేతికిచ్చి, ఫోన్‌లో ఒక వీడియో చూపించి, "ఇలా చెయ్యండి" అన్నారు. వారం తిరక్కుండా అందరి ముంజేతులూ నల్లబడ్డాయి. "మాస్టారూ, ఇది ఇలా ఎందుకు తగులుతోంది?" అని అడిగాను. వచ్చిన జవాబు ఇది: "కమిలితేనే కండ. ఓర్చుకోలేకపోతే ఇంటికెళ్లి ముగ్గులేసుకో."

ప్రశ్నకి జవాబు తెలియనప్పుడు అడిగినవాళ్లని చిన్నబుచ్చడం చాలా పాత ఉపాయం. లెక్క తప్పిందని చెబితే "నీకు లెక్కలు రావు" అన్నట్టుంటుంది. అలాంటి వాళ్లు సాధారణంగా చెప్పే నాలుగు వాదాలు ఉన్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

"కొన్నాళ్లకి చర్మం మొద్దుబారిపోతుంది, అప్పుడు నొప్పి తెలీదు" అంటారు. అరచేతిలో కాయలు కాస్తాయి, నిజమే. పిడి రాపిడికి అరచేతి చర్మం దళసరెక్కుతుంది. కానీ ముంజేతి వెనక జరిగేది రాపిడి కాదు, పోటు. పోటుకి కాయ కాయదు. గాయం మీద గాయం పడితే అది మానదు, అంతే. నొప్పి తెలియడం మానేసిందంటే భయపడాల్సిన సంగతి, పండగ చేసుకోవాల్సినది కాదు.

"మణికట్టుకి దళసరి పట్టీ కట్టుకో, సరిపోతుంది" అంటారు. పోటీల్లో ఆడేవాళ్లు పట్టీలు కట్టుకుంటారు, ఒప్పుకుంటాను. 10 నిమిషాల పాటు గుండు చేతి మీద ఆని ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడి తట్టుకోవడానికి వాళ్లు కట్టుకుంటారు. దెబ్బలు కాచుకోవడానికి కాదు. నేర్చుకునే పిల్లకి మొదటి రోజే పట్టీ కడితే ఏమవుతుంది? తప్పు తెలియదు. దెబ్బ తగిలితే తప్పు జరిగిందని చేతికి తెలుస్తుంది, ఆ కబురు తెచ్చే దారిని మూసేసినట్టవుతుంది. ఇల్లు కారుతుంటే కప్పు నేయించాలి గానీ కింద బిందె పెట్టి ఊరుకుంటామా?

"కోడి రామమూర్తి నాయుడు ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్నాడు, మీరు ఈ పాటి దెబ్బకి ఏడుస్తారా?" అంటారు. మా బరంపురం వైపు ఈ పేరు తెలియని వాళ్లు లేరు. వీరఘట్టంలో పుట్టిన మహాబలుడు, మన గర్వం. కానీ ఆయన పేరు వాడుకునే వాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. ఆయన మద్రాసు వెళ్లి వ్యాయామ శిక్షణలో చదువు పూర్తి చేసుకుని వచ్చి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసిన మనిషి. ఊపిరి బిగబట్టడం దగ్గర నుంచి ఒక్కో మెట్టూ సాధన చేసినవాడు. ఏనుగు ఎక్కిన రోజునే అందరూ చెబుతారు, అంతకు ముందటి ఏళ్ల సాధన ఎవరూ చెప్పరు. ఆయన పేరు చెప్పి పద్ధతి లేకుండా 12 కిలోలు చేతికివ్వడం ఆయన్ని గౌరవించడం కాదు.

నాలుగో వాదం నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది. "ఆడపిల్లల ఎముకలు సున్నితం, వాళ్లకి తగులుతుంది మరి" అంటారు. మా అన్నయ్య వాళ్ల జట్టు పిల్లల చేతులు చూడండి. వాళ్లకీ అవే మచ్చలు, అదే చోట. వాళ్లు పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని దాచుకుంటారు, లేదా ఫోటో తీసి పెట్టుకుంటారు, అంతే తేడా. ఇనుముకి ఆడా మగా తెలీదు. మన బరంపురం నుంచి విశాఖ వెళ్లే రైలు ఆమదాలవలసలో ఆగుతుంది, అక్కడి స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డు. ఆ ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఆవిడ ఎత్తింది కడ్డీ, గుండు కాదు, తేడా ఉంది. కానీ "ఆడపిల్లల ఎముకలు సున్నితం" అనే మాటకి జవాబు ఆ రైలు స్టేషన్‌లోనే ఉంది.

ఇక్కడే అసలు నష్టం చెప్పాలి. మచ్చ రెండు వారాల్లో పోతుంది. మచ్చ వల్ల ఆగిపోయిన పిల్ల మాత్రం తిరిగి రాదు. మా ఇంట్లో అమ్మ నా చెయ్యి చూసి, "ఒలమ్మా, ఈ మచ్చలేటే? ఎవులైనా సూస్తే ఇంట్లో కొట్టారనుకుంతారు. రేపటి నుంచి వెళ్లకు" అంది. అమ్మని నేను తప్పు పట్టను. కూతురి చెయ్యి నల్లగా కనిపిస్తే ఏ తల్లి ఊరుకుంటుంది? మా నాన్న నాతో వచ్చి ఆ అక్కతో మాట్లాడారు కాబట్టి నా సాధన సాగింది. నాతో చేరిన వాళ్లలో చాలామందికి ఆ అదృష్టం లేదు. వాళ్ల ఇళ్లలో "మేం ముందే చెప్పాం కదా, ఇవి ఆడపిల్లల పనులు కావు" అన్నారు. అంతటితో సరి. ఆడపిల్లని ఆట నుంచి ఇంటికి లాక్కెళ్లడానికి ఊళ్లో కారణాలు ముందే బోలెడున్నాయి. సరిగ్గా నేర్పని వాళ్లు ఇంకొక కారణం చేతికిచ్చారు, అదీ నల్లగా, అందరికీ కనబడేలా. అందుకే ఇది ముంజేతి నొప్పి గురించిన చిన్న విషయం కాదంటున్నాను. ఎవరు ఆడతారు, ఎవరు మానేస్తారు అనేది ఆ మచ్చ తేలుస్తోంది.

మన ఊరు బరువులెత్తే వాళ్లకి కొత్త కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచిన కాటూలు రవికుమార్ మన బరంపురం వాడే. 2014లో గ్లాస్గోలో వెండి పతకం కూడా తెచ్చాడు. పట్టు చీరలకే కాదు, ఇనుముకి కూడా పేరున్న ఊరు మనది. అలాంటి ఊళ్లో ఒక గుండు ఎలా పట్టుకోవాలో చెప్పేవాళ్లు లేక పిల్లలు చేతులు కమలగొట్టుకోవడం ఏమిటి?

దీనికి ఒక కారణం భాష కూడా అని నా అనుమానం. ఆ వ్యాయామశాల గోడ మీద బొమ్మలు ఇంగ్లీషులో, వీడియో హిందీలో, మాస్టారి అరుపులు సగం ఒడియాలో సగం ఇంగ్లీషులో. ఏ భాష మీదా నాకు కోపం లేదు. ఒడియా నేను చదువుతాను, రాస్తాను. కానీ "రిలాక్స్ ది గ్రిప్" అని అరిస్తే అర్థం కాని పిల్ల "వేళ్లు వదులు చెయ్యి, గాజుల్లోకి దూర్చినట్టు దూర్చు" అంటే వెంటనే చేసి చూపిస్తుంది. ముంజేయి, మోచెయ్యి, మణికట్టు, దండచెయ్యి, పిడికిలి, అరచెయ్యి. చూడండి, మనకి మాటలకి కొరత లేదు. నొప్పి ఎక్కడుందో సరిగ్గా చెప్పగలిగినవాడే తప్పు ఎక్కడుందో కనుక్కోగలడు. "చెయ్యి నొప్పి" అంటే మాస్టారు "ఓర్చుకో" అంటాడు. "మణికట్టు పైన వెనక వైపు ఎముక మీద గుండు తగులుతోంది, మోచేతి దగ్గర లోపలి వైపు లాగుతోంది" అంటే అవి రెండూ వేరు వేరని ఆయనకీ తెలియక తప్పదు. తెలుగు బడిలో చదివే మనకి ఇది దొరికిన బలం. దాన్ని పాఠం పుస్తకంలోనే వదిలేసి మైదానానికి వెళ్తే ఎలా?

ఇప్పటికే చెయ్యి కమిలిన వాళ్లకి కూడా నాలుగు మాటలు. మచ్చ ఉన్న చేత్తో క్లీన్, స్నాచ్ మానండి. తుంటితో గుండు ఊపడం, నేల మీంచి రెండు చేతులతో లేపడం లాంటివి నొప్పి లేకపోతే చేసుకోవచ్చు, వాటిలో గుండు చేతి మీదికి రాదు. కొత్తగా తగిలిన దెబ్బ మీద ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 10, 15 నిమిషాలు పెట్టండి. బామ్ రాసి కసాబిసా రుద్దకండి, చిట్లిన రక్తనాళాలు ఇంకా చిట్లుతాయి. వేళ్లు తిమ్మిరెక్కినా, పట్టు జారిపోతున్నా, వాపు పెరుగుతున్నా, ఎముక మీద ఒక్క చోట వేలితో నొక్కితే ప్రాణం పోతున్నట్టున్నా, రెండు వారాలకీ తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. మోచేతి దగ్గర లాగే నొప్పి ఉంటే బరువు తగ్గించి, రోజులు తగ్గించండి. కండరం తొందరగా బలపడుతుంది గానీ స్నాయుబంధనాలు అంత తొందరగా బలపడవు, వాటికి సమయం కావాలి.

మొదట్లో ఎంత జాగ్రత్తగా చేసినా ఒకటి రెండు సార్లు గుండు కొంచెం తాకుతుంది. కొత్తగా సైకిల్ నేర్చుకునేటప్పుడు కాలు తగలదా? దానికి నేను గోల పెట్టడం లేదు. రోజూ తగులుతుంటే, అందరికీ తగులుతుంటే, దాన్నే గొప్పగా చెప్పుకుంటుంటే, అప్పుడే నా గోల.

కాబట్టి మన బడి పెద్దలకు నా విన్నపాలు ఇవి. వచ్చే ఏడాది మన బడికి కూడా ఈ గుళ్లు కొంటారని విన్నాను. సంతోషం. కొనేటప్పుడు 4, 6, 8 కిలోలవి ఎక్కువ కొనండి. పెద్ద గుండు చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ నేర్చుకోవడానికి చిన్నదే కావాలి. మొదటి నెల గుండు చేతి మీదికి తిరిగే పని ఏదీ చేయించకండి, ఊపడం, లేపడం, దించడం మాత్రమే. ఆ తరవాత క్లీన్, అదీ పైనుంచి కిందికి. పట్టీలు మొదటి రోజే కట్టించకండి. వారానికి ఒకసారి అందరి ముంజేతులూ చూడండి, ఆడపిల్లల్ని టీచరమ్మ చూడాలి. మచ్చ కనబడితే ఆ పిల్లని తిట్టకండి, మెచ్చుకోకండి కూడా. ఆ వారం పాఠం మళ్లీ చెప్పండి. లెక్కల్లో సగం తరగతి ఒకే తప్పు చేస్తే మన మాస్టారు ఆ లెక్క మళ్లీ చెబుతారు కదా, పిల్లల ఓర్పుని పొగడరు. ఆటలోనూ అదే న్యాయం.

తోటి విద్యార్థులకి చెప్పేది ఒక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన వయసు పిల్లలు సగటున రోజుకి 60 నిమిషాలు ఒళ్లు వంచాలనీ, వారానికి కనీసం 3 రోజులు కండరాలు బలపడే పని చెయ్యాలనీ చెబుతోంది. కాబట్టి బరువులు ఎత్తండి, మానకండి. ఎత్తేటప్పుడు దెబ్బ తగిలితే "ఎందుకు తగిలింది?" అని అడగండి. జవాబు రాకపోతే మళ్లీ అడగండి. "ఓర్చుకో" అన్నది జవాబు కాదని గుర్తుపెట్టుకోండి. ముగ్గులేసుకోమని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ముగ్గు వెయ్యడానికి కూడా మణికట్టు నిటారుగా, వేళ్లు వదులుగా ఉండాలి. అది తెలిసిన చేతికి గుండు ఎత్తడం కష్టం కాదు.

— పదో తరగతి విద్యార్థిని, బరంపురం